ఆల్డర్ వీధి ఎలుగుబంటి

పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకు తిరిగే హాలోవీన్ రోజు పొద్దున్నే ఆర్విడ్ టోలెఫ్సన్ వంటింటి బల్ల మీద టార్చిలైట్లు, ఒక ఈల, వెలుగు పడితే తళతళలాడే టేపు చుట్ట పరిచిపెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. సాయంత్రానికి వీధిలోని పిల్లలందరి వీపులకీ ఆ టేపు అంటించాలని అతని ఆలోచన. కుక్కలకు కూడా సరిపోతుందా లేదా అని చుట్టను తిప్పి చూసుకుంటున్నాడు.

ఆర్విడ్ ఉద్యోగం రోడ్ల శాఖలో. టామరాక్ ఫాల్స్ చుట్టూ ఉన్న కొండదారుల్లో హెచ్చరిక బోర్డులు పాతడం అతని పని. ముందు మలుపు ఉంది, జింకలు దాటుతాయి, రాళ్లు పడతాయి అని ఎక్కడ పసుపు పలక కనబడినా అది అతను నిలబెట్టిందే. రాళ్లు పడతాయని రాసిన చోట ఇన్నేళ్లలో ఒక్క రాయి కూడా ఎవరి నెత్తినా పడలేదు. అదంతా బోర్డు మహిమ అని అతని నమ్మకం. "రాళ్లకి చదువొచ్చా?" అని భార్య మార్లిస్ అప్పుడప్పుడూ అడుగుతుంది. ఆ ప్రశ్న అతనికి వినబడదు.

బల్ల మీది ఫోను మోగింది. లారీ వెనక్కి వస్తున్నప్పుడు చేసే బీప్ బీప్ మోత అది. ఫోనయినా సరే, ముందుగా హెచ్చరించి మోగాలని ఆర్విడ్ ఏరికోరి పెట్టుకున్నాడు. కిటికీ బయట పక్కింటి కుక్క అలవాటుగా పక్కకి తప్పుకుంది. ఆర్విడ్ మాట్లాడి పెట్టేసేసరికి ఎదురుగా కూతురు బ్రిట్టా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నాన్నా, ఈ ఏడు నేను కోరాతో వెళ్తున్నా. వాళ్ల చెల్లి ఓపల్‌ని కూడా మేమే తీసుకెళ్తాం."

"మంచిదేగా. నేను వెనకాల ఉంటాను."

"అదే. నువ్వుండవు."

ఆర్విడ్ కప్పు కింద పెట్టాడు. "అంటే?"

"అంటే పెద్దవాళ్లెవరూ రారు. మేమే వెళ్తాం, మేమే వస్తాం."

"అమ్మనడిగావా?"

"అడిగా. సరేనంది."

ఆర్విడ్ పొయ్యి వైపు తిరిగాడు. మార్లిస్ పాన్‌కేక్ తిరగేస్తూ, "పదేళ్లొచ్చాయి దానికి. మన వీధే కదా. దానికి తెలియని తలుపు ఒక్కటుందా ఇక్కడ?" అంది.

"తలుపులు తెలుసు. కార్లో? చీకటో? మెట్ల మీద మంచు పేరుకుని జారితే? గుమ్మం ముందు గుమ్మడికాయ దొలిచి అందులో పెట్టిన కొవ్వొత్తి పక్కనుంచి పోతూ గౌను కొస అంటుకుంటే?"

"నాకు గౌనెక్కడిది? నేను సముద్రపు దొంగని."

"మరి కత్తి?"

"అట్టముక్క కత్తి నాన్నా!" బ్రిట్టా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె గొంతు కొంచెం తగ్గింది. "పోయినేడు ఏం చేశావో గుర్తుందా? ఆ నారింజ రంగు కోటు వేసుకుని గేటు గేటు దగ్గరా ఈల ఊదావు. మేం మూడో ఇంటికి వెళ్లేసరికి మిగతావాళ్లందరికీ సంచులు నిండిపోయాయి. స్కూల్లో నన్నింకా ట్రాఫిక్ పిల్ల అంటున్నారు."

ఆ సంగతి ఆర్విడ్‌కు తెలియదు. అతను ఈలను టేపు చుట్ట వెనక్కి జరిపాడు.

"నువ్వు చెప్పినవన్నీ నాకు నోటికొచ్చు," అంది బ్రిట్టా. "వసారాలో దీపం వెలుగుతుంటేనే ఆ ఇంటికి వెళ్లాలి. ఎవరెంత పిలిచినా గడప దాటి లోపలికి పోకూడదు. ఇంటికొచ్చి మీకు చూపించేదాకా ఒక్క చాక్లెట్టు కూడా విప్పకూడదు. పరిగెత్తకూడదు. ముసుగు పెట్టుకోకూడదు, పక్కనుంచి వచ్చేది కనబడదు. ఇంకా చెప్పనా?"

ఆర్విడ్‌కు ఒకపక్క గర్వంగానూ, మరోపక్క దిగులుగానూ ఉంది. చివరికి, "సరే. నాన్నగా నీ వెనకాల రాను. ఆ కోటు ముట్టుకోను," అన్నాడు.

"ఒట్టు?"

"ఒట్టు."

బ్రిట్టా తండ్రి మెడ కౌగిలించుకుని స్కూలుకు పరిగెత్తింది. మార్లిస్ మాత్రం గరిటె చేత్తో పట్టుకుని భర్త వంక అనుమానంగా చూసింది. 'నాన్నగా' అన్న మాట ఆమె చెవిలో ఎక్కడో గుచ్చుకుంది గానీ, ఈలోగా పాన్‌కేక్ మాడింది.

మధ్యాహ్నం రోడ్ల శాఖ షెడ్డులో ఆర్విడ్ తోటి ఉద్యోగి హార్లన్‌ను పట్టుకున్నాడు. "మనిషెవరో తెలియకుండా ఉండే వేషం ఒకటి కావాలి," అన్నాడు. ఊళ్లో పెద్దవాళ్ల వేషాలన్నీ వారం కిందటే అయిపోయాయి. హార్లన్ బుర్ర గోక్కుని, పై అరలోంచి ఒక పెద్ద మూట దించాడు. మూతపడిన పరుపుల దుకాణం వాళ్లు ఒకప్పుడు రోడ్డు పక్కన మనిషిని నిలబెట్టి కరపత్రాలు పంచడానికి కుట్టించిన ఎలుగుబంటి వేషం అది. కుట్టించినవాడికి పరుపుల కన్నా ఎలుగుబంట్ల మీదే శ్రద్ధ ఎక్కువ ఉన్నట్టుంది. బొచ్చు, మూపు, గోళ్లు, ముక్కు, అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. కరపత్రాల కోసం పొట్ట దగ్గర ఒక సంచి, వాటిని లెక్కపెట్టుకోవడానికి వేలు బయటికొచ్చేలా కుడి పంజాలో ఒక చీలిక మాత్రం ఉన్నాయి.

"వెనక జిప్పు మొరాయిస్తుంది," అన్నాడు హార్లన్. "పెట్టడమంటే నేను పెడతాను. తీయడం నీ అదృష్టం."

"కనబడుతుందా లోపల్నుంచి?"

"నోరు తెరిచే ఉంది కదా, అందులోంచి చూసుకోవాలి. ఎదురుగా ఉన్నది కనబడుతుంది. పక్కన ఉన్నది కనబడదు. పైన, కింద అసలే కనబడవు."

ముసుగుల సంగతి ఊరి పిల్లలందరికీ బోధించిన మనిషి ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ తర్వాత మూట చంకన పెట్టుకున్నాడు.

సాయంత్రం చలి కొరుకుతోంది. ఆ కొండల్లో హాలోవీన్ వేషాలన్నీ ఉన్ని కోట్ల మీదే వేస్తారు. అందుకని సముద్రపు దొంగ కూడా బాగా తిని బలిసినట్టే ఉంది. కోరా బూడిదరంగు దుప్పట్లతో పెద్ద రెక్కలు కట్టుకుని చిమట పురుగైంది. అయిదేళ్ల ఓపల్ వాషింగ్ మెషీన్ అయింది. మెడ నుంచి మోకాళ్ల దాకా అట్టపెట్టె, ముందు తెరుచుకునే గుండ్రటి తలుపు, ఆ తలుపు వెనక ఒక మేజోడు. గేటు దాటాలంటే ఆమె పక్కకి తిరిగి నడవాలి.

ఆర్విడ్ ముగ్గురి వీపులకీ టేపు అంటించాడు. వచ్చినవాళ్లందరికీ అంటించాడు. వీధికి రెండు చివరలా 'పిల్లలున్నారు, మెల్లగా' అని పలకలు నిలబెట్టి, కార్లు ఆగేలా అడ్డుకర్రలు కూడా పెట్టాడు. "నేను ఆ చివర పలక దగ్గరుంటాను. ఏదన్నా అయితే ఫోన్ చెయ్యండి," అని వీధివాళ్లకు చెప్పి వెళ్లిపోయాడు. పలక అవతల ఆగి ఉన్న వ్యానులో హార్లన్ అతనికి ఎలుగుబంటి తల తొడిగి, జిప్పు పైకి లాగి, వీపు మీద ఒకటి చరిచి, తన ఇంటికి వెళ్లిపోయాడు.

అలా ఆ సాయంత్రం ఆల్డర్ వీధిలో వెలుగు పడినా మెరవని ప్రాణి ఒక్కటే మిగిలింది.

మొదట్లో అంతా బాగానే సాగింది. ఆర్విడ్ పొదల వెనక నుంచి, ఆగి ఉన్న కార్ల చాటు నుంచి పిల్లల్ని కనిపెడుతూ నడిచాడు. బ్రిట్టా ప్రతి ఇంటి ముందూ ఆగి దీపం ఉందో లేదో చూస్తోంది. ఓపల్‌ను మెట్లెక్కేటప్పుడు వెనక నుంచి పెట్టెతో సహా పట్టుకుంటోంది. మూల దగ్గర అటూ ఇటూ చూసి మరీ దాటించింది. ఎలుగుబంటి తలలో ఆర్విడ్ కళ్లు చెమర్చాయి. తుడుచుకుందామంటే చెయ్యి లోపలికి పోదు.

ఫోగర్టీ గారి తోట పక్కకి వచ్చేసరికి బ్రిట్టా ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది. ఆర్విడ్ చటుక్కున నాలుగు కాళ్ల మీదికి వంగాడు. అలాగే పాక్కుంటూ ఆపిల్ చెట్టు కింద నుంచి తోట దాటి, రోడ్డుకు అవతల ఆగి ఉన్న ఒక ట్రక్కు వెనక్కి చేరుకున్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు.

ఫోగర్టీ గారు చూసింది. ఊళ్లో సగం మందికి మూడో తరగతి చెప్పిన టీచరమ్మ ఆవిడ. ఏటా హాలోవీన్‌కు పేలాలూ పాకమూ కలిపి ఉండలు చుడుతుంది. ఆ సమయానికి పాకం ఆవిరికి కళ్లద్దాలు మసకబారితే తీసి తుడుచుకుంటూ కిటికీలోంచి చూసింది. అద్దాలు లేకపోయినా ఎలుగుబంటిని పోల్చుకోలేనంత చూపు తక్కువేమీ కాదు ఆవిడకు. శీతాకాలపు నిద్రకు ముందు కొండ దిగి ఆపిల్ పళ్లకు రావడం ఎలుగుబంట్లకు మామూలే. జంతువుల అధికారిణి డెల్లాకు ఫోన్ చేసి, వీధివాళ్లందరికీ ఒకేసారి వెళ్లేలా కబురు పెట్టింది: "నా తోటలో ఎలుగుబంటి. పెద్దది."

కబురు ఇల్లిల్లూ తిరిగే కొద్దీ ఎలుగుబంటికి ఒళ్లు చేసింది. ఒకాయన దాన్ని తన చెత్తడబ్బా దగ్గర చూశానన్నాడు. ఇంకొకావిడ ఒకటి కాదు రెండంది. మరొకాయన పిల్లలు కూడా ఉన్నాయనీ, పిల్లలున్న ఎలుగుబంటి మహా కోపిష్ఠిదనీ చెప్పాడు. అతను పుట్టి పెరిగింది సముద్రపు ఒడ్డున. వీధిలో తలుపులు తెరుచుకుని, దగ్గర్లో ఉన్న పిల్లల్ని లోపలికి లాగి మళ్లీ మూసుకోవడం మొదలైంది.

ట్రక్కు వెనక ఆర్విడ్ పొట్టలో ఫోను గుర్రుగుర్రుమంది. సంచిలోంచి పైకి తీసి, ఎలుగుబంటి నోటికి ఎదురుగా పెట్టుకుని చదివాడు. ఫోగర్టీ గారి తోటలో ఎలుగుబంటి!

ఇప్పుడే కదా తను ఆ తోటలోంచి వచ్చింది! తను అక్కడుండగా అది కనబడలేదంటే, కచ్చితంగా తన వెనకే ఉండి ఉంటుంది. ఎంత దగ్గరగా ఉందో ఏమో! ఇన్నేళ్లుగా ప్రమాదాల గురించి జనాన్ని హెచ్చరించిన మనిషికి, ఆ ప్రమాదం తనే అయి ఉంటుందన్న ఊహ బొత్తిగా తట్టలేదు.

తలెత్తి చూస్తే ఇంకా ఘోరం. బ్రిట్టా, కోరా, ఓపల్ సరిగ్గా ఫోగర్టీ గారి గేటు తీసుకుని లోపలికి వెళ్తున్నారు.

"బ్రిట్టా!" అని అరిచాడు ఆర్విడ్. ఆ అరుపు దూదిలోంచీ బొచ్చులోంచీ వడకట్టుకుని బయటికొచ్చేసరికి "బ్ర్ర్ర్" అని మాత్రమే మిగిలింది. ఇక ఆలోచించలేదు. రోడ్డుకు అడ్డంగా దూకి, గేటు తోసుకుని, రెండు చేతులూ చాపి పరిగెత్తాడు.

మెట్ల మీద ఉన్న బ్రిట్టా ఆ చప్పుడుకు తిరిగి చూసింది. ఓపల్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"కదలకండి. పరిగెత్తొద్దు. నా పక్కకి రండి, దగ్గరగా. మనం పెద్దగా కనబడాలి."

కోరా రెక్కలు రెండూ విప్పి నిలబడింది. ఓపల్‌కు చేతులెత్తే వీలు లేదు. అందుకని వాషింగ్ మెషీన్ తలుపు బార్లా తెరిచింది. బ్రిట్టా ముందుకొచ్చి, అట్టముక్క కత్తి పైకెత్తి, స్కూల్లో నేర్పినట్టు బొంగురు గొంతుతో, "ఓయ్ ఎలుగుబంటీ! మేం మనుషులం! నీ దారిన నువ్వు పో!" అని అరిచింది.

ఆర్విడ్ ఠక్కున ఆగిపోయాడు. కూతురు తన వైపే చూస్తూ ఎలుగుబంటిని పొమ్మంటోంది. అంటే అది తన వెనకాలే ఉందన్నమాట! గిరుక్కున తిరిగాడు. నోటి సందులోంచి చీకటి తప్ప ఏమీ కనబడలేదు. అయినా సరే, పిల్లలకు అడ్డంగా రెండు పంజాలూ చాపి, ఆ కనబడని మృగానికి ఎదురు నిలబడి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ మెట్ల వైపు జరగసాగాడు.

పిల్లలు చూసింది వేరు. మీదికొచ్చిన ఎలుగుబంటి తిట్లు విని ఆగి, వీపు తిప్పి, ఇప్పుడు వెనక్కి నడుస్తూ తమ మీదికి వస్తోంది. ఇలాంటిదానికి ఏం చేయాలో స్కూల్లో చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది. ఫోగర్టీ గారు ఒక చేత్తో పాకం గరిటె, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. "లోపలికి రండే! త్వరగా!"

"రాకూడదండీ," అంది బ్రిట్టా, ఎలుగుబంటి మీంచి చూపు తిప్పకుండా.

"ఏంటీ?"

"ఎవరెంత పిలిచినా గడప దాటకూడదని మా నాన్న చెప్పాడు."

"ఎలుగుబంటి వచ్చినా కూడానా?"

"ఎలుగుబంటి వస్తే సంగతి చెప్పలేదండీ. మీరోసారి ఫోన్ చేసి అడగండి. ఆ చివర పలక దగ్గరుంటాడు."

ముప్పై ఏళ్లు మూడో తరగతి చెప్పినా ఇలాంటి క్రమశిక్షణ ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఆర్విడ్ నంబరు నొక్కింది.

బీప్. బీప్. బీప్.

వెనక్కి నడుస్తున్న ఎలుగుబంటి పొట్టలోంచి, వెనక్కి వస్తున్న లారీ మోత మొదలైంది. "వెనక్కొచ్చేటప్పుడు మోగుతోంది," అంది ఓపల్ మెచ్చుకోలుగా. ఎలుగుబంటి ఆగింది. పొట్టలో తడుముకుంది. ఫోను తీసి, ఒక వేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఒరేయ్ ఆర్విడ్, ఎక్కడున్నావురా!" అంది ఫోగర్టీ గారు. "నా మెట్ల ముందు ఎలుగుబంటి ఉంది. పిల్లల్ని లోపలికి రమ్మంటే నీ అనుమతి కావాలంటున్నారు!"

జవాబు అటు ఫోనులోంచీ ఇటు తోటలోంచీ ఒకేసారి వచ్చింది. "తీసుకెళ్లండి టీచర్! తలుపేసుకోండి! నేనిక్కడే ఉన్నాను, దానికి అడ్డంగా నిలబడ్డాను! అదెటు పోయింది?"

"ఎటూ పోలేదురా. ఇక్కడే ఉంది. ఫోన్లో మాట్లాడుతోంది."

"ఫోన్లోనా?" అన్నాడు ఆర్విడ్. మెల్లగా తన పంజాను ఎలుగుబంటి నోటికి ఎదురుగా తెచ్చుకుని చూశాడు.

బ్రిట్టా కత్తి దించింది.

"నాన్న," అంది. అది ప్రశ్న కాదు.

కాసేపటికి ఆర్విడ్ ఫోగర్టీ గారి ముందుగదిలో సోఫా మీద బోర్లా పడుకుని ఉన్నాడు. జిప్పు సగం దూరం వచ్చి బొచ్చులో ఇరుక్కుంది. ఫోగర్టీ గారు దానికి వెన్న రాస్తోంది. కబురందుకుని ఉరుకుతూ వచ్చిన మార్లిస్ మోకాలు వీపు మీద ఆనించి లాగుతోంది. పిల్లలు ముగ్గురూ ఎదురుగా వరసగా కూర్చున్నారు. తండ్రి ఉన్న ఇల్లే కాబట్టి లోపలికి రావచ్చునని బ్రిట్టా తీర్పు చెప్పింది.

"నేను గుమ్మంలోంచే బూట్లు చూసి పోల్చాను," అంది మార్లిస్ లాగుతూనే. "ఏ ఎలుగుబంటి రోడ్ల శాఖ బూట్లు వేసుకుంటుంది? అయినా పొద్దున్న 'నాన్నగా' అన్నప్పుడే నిన్ను నిలదీయాల్సింది."

"అమ్మా, నా మెడ!"

"నేను మీ అమ్మని కాదు. ఊపిరి బిగపట్టు."

ఫోగర్టీ గారు వెన్న చేతులతోనే డెల్లాకు మళ్లీ ఫోన్ చేసింది. "రావద్దమ్మా. ఎలుగుబంటి కాదు, మన ఆర్విడ్. వేషం వేసుకుని పిల్లల వెనక తిరుగుతున్నాడు."

"నేనిప్పటికే వీధి మూలకొచ్చేశాను," అంది డెల్లా. ఆమె పళ్లు నూరిన చప్పుడు ఫోనులో వినిపించింది. "భోజనం మధ్యలో లేచొచ్చాను. వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను, ఆర్విడ్‌కి రెండు ముక్కలు చెప్పి పోతాను." అని పెట్టేసింది.

చివరికి తల మాత్రం ఊడింది. ఆర్విడ్ లేచి కూర్చుని బ్రిట్టా వైపు చూశాడు. బ్రిట్టా గోడ వైపు చూస్తోంది.

"ఒట్టు పెట్టావు," అంది.

"నాన్నగా రానన్నాను..." ఆ మాట సగంలోనే అతనికే సిగ్గేసింది. "తప్పే. తప్పు చేశాను తల్లీ."

"నాకు చేతకాదనుకున్నావు."

"అనుకున్నాను," అన్నాడు ఆర్విడ్. "ఇప్పుడు కాదు. నిజం ఎలుగుబంటనుకుని కూడా నువ్వు కదల్లేదు. వాళ్లిద్దర్నీ కదలనివ్వలేదు. నేనేం చేశానో చూశావా? ముసుగు పెట్టుకున్నాను, దీపం లేకుండా తిరిగాను, పరిగెత్తాను. ఈ వీధిలో నేను చెప్పిన మాట విననివాణ్ని నేనొక్కణ్నే."

బ్రిట్టా పెదవి బిగపట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. "నీకు భయం వెయ్యలేదా ఓపల్?" అని మార్లిస్ అడిగింది, నవ్వుకు చోటివ్వడానికి.

"నేను వాషింగ్ మెషీన్‌ని," అంది ఓపల్. "నాకేం భయం?"

అప్పుడే తోటలోంచి డెల్లా గొంతు వినబడింది. అందరూ పక్క కిటికీ దగ్గరికి వెళ్లారు.

డెల్లా ఆపిల్ చెట్టు కింద నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె టార్చి వెలుగులో ఎదురుగా ఒక ఎలుగుబంటి చతికిలబడి రాలిన ఆపిల్ పళ్లు తింటోంది.

"సిగ్గు లేదూ?" అంటోంది డెల్లా. "పెళ్లాం, పిల్ల ఉన్నవాడివి. నలుగురికీ చెప్పాల్సినవాడివి. వీధి వీధంతా హడలగొట్టి, ఇక్కడ కూర్చుని పళ్లు తింటున్నావా? నీతోనే మాట్లాడుతున్నా. ఇటు చూడు."

ఎలుగుబంటి ఇటు చూసింది.

"చూడ్డం కాదు, లే. లేచి ఆవిడకి క్షమాపణ చెప్పుకో. లేవవేం?" డెల్లా టార్చితో దాని మూపు మీద టపటపా కొట్టింది. "ఎంత బొచ్చు పెట్టించావయ్యా. దండగ ఖర్చు."

కిటికీ దగ్గర అందరూ ఒకేసారి ఆర్విడ్ వైపు తిరిగారు. ఆర్విడ్ తన తలను, అంటే ఎలుగుబంటి తలను, చంకన పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఎలుగుబంటి లేచింది. డెల్లా కన్నా రెండింతలు ఉంది. డెల్లా మొహం దగ్గరికి ముక్కు తెచ్చి ఒకసారి గట్టిగా వాసన చూసింది. భోజనం మధ్యలో లేచొచ్చిన మనిషి కదా. ఆ తర్వాత దానికేమనిపించిందో, నాలుగు కాళ్ల మీదికి వాలి, బరువుగా తోట చివరికి నడిచి, కంచె ఎక్కి, అవతలికి దిగి కొండ వైపు చీకట్లోకి వెళ్లిపోయింది.

"మర్యాద అన్నది లేదు," అంది డెల్లా గట్టిగా. ఆపైన కిటికీ వైపు తిరిగింది. అక్కడ వరసగా ముఖాలు. అందులో ఒకటి ఎలుగుబంటి మెడలోంచి పొడుచుకొచ్చిన ఆర్విడ్ ముఖం.

ఆర్విడ్ కిటికీ మెల్లగా పైకెత్తాడు. "డెల్లా," అన్నాడు సాధ్యమైనంత నెమ్మదిగా, "లోపలికి రా. పరిగెత్తొద్దు."

డెల్లా పరిగెత్తలేదు. చాలా నిదానంగా, టార్చి ఆర్పకుండా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ వచ్చి సోఫాలో కూర్చుంది. ఫోగర్టీ గారు పేలాల ఉండ ఒకటి చేతిలో పెట్టింది. తిన్నది. ఇంకొకటి పెట్టింది. అదీ తిన్నది. ఎలుగుబంట్ల మొహాన కొట్టడానికి నడుముకు వేలాడేసుకున్న కారం డబ్బాను అప్పుడు తడుముకుని చూసింది. "నేను దాన్ని కొట్టాను," అంది.

"మెల్లగానే కొట్టావులే," అంది మార్లిస్.

డెల్లాకు మాట పూర్తిగా వచ్చాక, తన మనుషుల్ని పిలిపించింది. వాళ్లు బండి వేసుకుని కొండ అంచు దాకా చూసి, ఎలుగుబంటి వాగు దాటి పోయిందని చెప్పారు. తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. వీధంతా వసారాల్లోకి వచ్చి, ఎవరు ఏ ఎలుగుబంటిని చూశారో పోల్చుకోవడం మొదలుపెట్టింది. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినాయన మాత్రం తన లెక్కలో ఇంకా రెండు తేలాలన్నాడు.

"అటు వైపు ఇళ్లు మిగిలిపోయాయి," అంది బ్రిట్టా సంచీ భుజాన వేసుకుంటూ.

ఆర్విడ్ మార్లిస్ వైపు చూశాడు. మార్లిస్ పైకప్పు వైపు చూసింది. ఆర్విడ్ ఎంతో కష్టం మీద నోరు తెరిచి, "సరే. వెళ్లి రండి. నేనిక్కడే కూర్చుంటాను," అన్నాడు.

బ్రిట్టా గుమ్మం దాకా వెళ్లి ఆగింది. తండ్రిని పైనుంచి కిందికి చూసింది. తల ఒక్కటే బయటికొచ్చింది. కింద బొచ్చు, పంజాలు, రోడ్ల శాఖ బూట్లు, ఒంటినిండా వెన్న.

"నిన్నిలా ఒంటరిగా వదిలేస్తే మళ్లీ ఏం చేస్తావో," అంది. "రా. నా చెయ్యి వదలకు. మెట్లున్నాయి, చూసి దిగు."

ఆర్విడ్ పంజా చాపాడు. సముద్రపు దొంగ దాన్ని గట్టిగా పట్టుకుంది. ఎలుగుబంటి మెట్లు దిగింది, చిమట వెంట నడిచింది, వాషింగ్ మెషీన్ పక్కకి తిరిగి గేటు దాటింది. ప్రతి ఇంట్లోనూ పిల్లలకు ఒక గుప్పెడైతే ఆర్విడ్‌కు రెండు గుప్పెళ్లు వేశారు. ఒక్క చాక్లెట్టు విప్పబోతే బ్రిట్టా చేతి మీద కొట్టింది. వీధి చివరికి చేరేసరికి అతని పొట్ట నిండిపోయింది. ఇంత బాగా తను ఏ హాలోవీన్‌కూ తిరగలేదని అతనికి అనిపించింది.

మర్నాడు ఆల్డర్ వీధి సంగతేమైందని డెల్లాను పై అధికారి అడిగాడు. ఎలుగుబంటికి నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపించానంది డెల్లా. ఏ ఎలుగుబంటికో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.